లేని బల్లి

భయం అంటే ఏమిటో నా చిన్నప్పుడు ఒక లాడ్జి స్నానాలగదిలో తెలిసింది. అంతకుముందు నేను భయాలనుకున్న చీకటీ, వీధికుక్కలూ, లెక్కల మాస్టారూ అసలు భయాలే కావని కూడా ఆ మధ్యాహ్నమే తెలిసింది.

మాది ఖరగ్‌పూర్. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడ ఉండిపోయినవాళ్ళం. నాన్న నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ మాట్లాడుతూ పెరిగాను. మా మేనత్త నాన్నకి అక్క. మామయ్య పోయాక ఆమె ఝపటాపూర్ వెళ్ళే దారిలో ఒక చిన్న లాడ్జి నడిపేది. సెలవుల్లో నేను ఎక్కువగా అక్కడే ఉండేదాన్ని.

మా ఊరు రైళ్ళు దారులు మార్చుకునే చోటు. ఒక రైలు దిగి ఇంకో రైలు కోసం కాచుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. డబ్బున్నవాళ్ళు హోటళ్ళకి వెళ్ళేవారు. ముందుగా చెప్పుకున్నవాళ్ళకి స్టేషన్లోనే రిటైరింగ్ రూములు దొరికేవి. చేతిలో ఏమీ లేనివాళ్ళకి ధర్మశాల ఉండేది. ఈ మూడింటిలో ఎక్కడా ఇమడనివాళ్ళు అత్త దగ్గరికి వచ్చేవారు. ఆసుపత్రికి వచ్చిన ముసలి దంపతులు, పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి వచ్చిన తండ్రులు, సంచులు మోసుకుంటూ ఊరూరా తిరిగే మందుల కంపెనీ మనుషులు. అత్త అందరికీ ఉతికిన దుప్పటీ, మూత పెట్టిన మంచినీళ్ళ కూజా ఇచ్చేది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడేది కాదు. వచ్చినవాళ్ళని మాత్రం తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసేది. అది మర్యాద కాదేమో అని నాకు అనిపించేది.

ఆ రోజు పొద్దున్న పది దాటాక ఒకతను వచ్చాడు. శుభ్రమైన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. పక్కన నా ఈడు పిల్ల. పిల్ల తన అన్న కూతురనీ, తమది బీహారనీ, పుట్టుకతో చెవుడూ మూగా కావడంతో పెద్ద డాక్టరుకి చూపించడానికి తీసుకెళుతున్నాననీ హిందీలో చెప్పాడు. సాయంత్రం రైలు దాకా ఒక గది చాలు, అటాచ్డ్ బాత్రూం ఉన్నది కావాలన్నాడు. మాట చాలా మెత్తగా ఉంది. నాకు ఒక బిస్కెట్టు కూడా ఇచ్చాడు.

అత్త ఆ పిల్లని చూసింది. కొత్త గౌను, మడతలు ఇంకా పోలేదు, భుజాల మీంచి జారిపోతోంది. కాళ్ళకి మాత్రం అరిగిన వెండి కడియాలు. అలాంటివి శ్రీకాకుళం వైపు పిల్లలకి వేస్తారు. అతను ఆ పిల్ల చెయ్యి పట్టుకోలేదు. మణికట్టు పట్టుకున్నాడు. ఇవన్నీ అత్త తర్వాత చెబితే తెలిశాయి. అప్పుడు నేను చూసింది బిస్కెట్టునే.

బాత్రూం ఉన్న గదులన్నీ నిండిపోయాయని అత్త అతనితో చెప్పింది. నేను తెల్లబోయాను. ముందు వైపు గదులు ఖాళీగా ఉన్నాయి, పొద్దున్నే నేనే వాటికి తాళాలు వేసి వచ్చాను. నోరు తెరవబోతుంటే అత్త నా వైపు తిరిగి, పనులు పురమాయించే గొంతుతో తెలుగులో అంది.

"ఆ పిల్ల బుజం మీద బల్లి ఉంది. నువ్వటు సూడకు. ఎల్లి బకెట్టు అట్టుకురా."

నేను చూడనే చూశాను. బల్లి లేదు. కానీ చెవుడన్న ఆ పిల్ల ఒక్కసారిగా వణికి, రెండు చేతులతో భుజం దులుపుకుంది. చీమ కుట్టిందనుకున్నాడో ఏమో, అతను మణికట్టు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. అత్త మొహంలో ఏమీ మారలేదు. వెనక వరండాలో గది తాళం చెవి అతని చేతిలో పెట్టి, స్నానానికి వరండా చివర అందరికీ కలిపి ఒక గది ఉందని చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక అత్త నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. వంట చేసే బెంగాలీ దాదాకి ఏళ్ళ తరబడి మా మధ్య ఉండి తెలుగు బాగా వచ్చు. ఆయన్ని స్టేషన్లో రైల్వే పోలీసుల దగ్గరికి పంపింది. పరుగెత్తవద్దని, చేపలకి వెళ్ళినట్టు సంచి పట్టుకుని వెళ్ళమని చెప్పింది. ఆయన వెళ్ళాక నా ముందు కూర్చుంది.

"ఆ గుంటకి సెవుడూ లేదు, మూగా లేదు. మన వైపు పిల్ల. ఆడు ఎక్కణ్ణించో ఎత్తుకొచ్చినాడు."

అయితే వెళ్ళి అడుగుదామన్నాను. అడిగితే పిల్లని లాక్కుని బయటికి నడుస్తాడనీ, స్టేషన్లో ఏ రైలు కదులుతుంటే అది ఎక్కేస్తాడనీ, మనం ఆపేలోపు పిల్ల మాయమైపోతుందనీ అత్త చెప్పింది. అతని దగ్గర చాకు ఉందో ఏముందో కూడా తెలియదంది. ముందు పిల్లని అతని చేతికి అందకుండా చెయ్యాలి. పెద్దవాళ్ళు వెళితే అతనికి అనుమానం వస్తుంది. ఆడుకునే పిల్ల వెళితే రాదు.

"నీకు బయ్యంగా ఉంటే ఇప్పుడే సెప్పు. ఇంకోలా సూస్తాను."

భయంగానే ఉంది. కానీ ఆ పిల్ల భుజం దులుపుకున్న తీరు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. వెళతానన్నాను.

కూజా నిండా నీళ్ళు పట్టుకుని ఆ గదికి వెళ్ళాను. అతను మంచం మీద చెప్పులు విప్పకుండా కూర్చుని ఉన్నాడు. పిల్ల గోడ మూల నేల మీద ఉంది. అత్త నేర్పినట్టు, ఎక్కం వల్లించినట్టు రాగం తీస్తూ లోపలికి నడిచాను. నీళ్ళు నీ మీద ఒంపుతాను, నాతో స్నానాలగదికి రా, అక్కడ మా అత్త ఉంటుంది, ఏమీ మాట్లాడకు, ఇదే రాగంలో మళ్ళీ మళ్ళీ అన్నాను. పిల్ల తల ఎత్తలేదు. కానీ ఏడుపు దిగమింగుకుంటున్నట్టు గొంతు కదిలింది.

ఏం పాడుతున్నావని అతను నన్ను హిందీలో అడిగాడు. బళ్ళో నేర్పిన పాట అన్నాను. బాగుంది, ఇంకోసారి పాడమన్నాడు. నవ్వుతూనే అడిగాడు. అతని కళ్ళు మాత్రం నవ్వలేదు. అతనికి తెలుగు వచ్చేమో అన్న ఆలోచన అప్పుడు వచ్చింది నాకు. మొదటి నుంచి మళ్ళీ పాడాను. ఒక్క మాట కూడా మార్చలేదు, మార్చడానికి బుర్రలో వేరే మాటలు లేవు. అతను విని, మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేశాడు.

కూజా ఒంపడానికి నటించనక్కరలేకపోయింది. చేతులు వాటంతట అవే వణికి నీళ్ళన్నీ పిల్ల గౌను మీద పడ్డాయి. అతను ఏదో తిట్టు గొణిగి లేచాడు. గౌను తడిసిపోయింది, స్నానం చేయించి తీసుకొస్తానని ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. అతను ఒక్క క్షణం ఆలోచించి, తనూ మా వెనకే వరండా చివరిదాకా వచ్చాడు. లోపలికి వెళ్ళి గడియ వేశాను. తలుపుకి అవతల అతను నిలబడిన నీడ తలుపు కింది సందులో కనిపిస్తోంది.

ఆ స్నానాలగదికి వెనక ఇంకో చిన్న తలుపు ఉండేది. శుభ్రం చేసే ఆమె సందులోంచి రావడానికి పెట్టిన తలుపు. అత్త అక్కడ కాచుకుని ఉంది. పిల్ల అత్త నడుము పట్టుకుని ఊపిరాడనంతగా అతుక్కుపోయింది. అత్త ఆమెని ఎత్తుకుని నా చెవిలో చెప్పింది. "సప్పుడు ఆగిపోతే ఆడికి తెలిసిపోద్ది. నువ్వు నీళ్ళు పోస్తా ఉండు. ఈ పిల్లని పక్కింట్లో పెట్టేసి ముందునుంచి వొచ్చేస్తాను. ఉండగలవా?"

ఉండలేను. అయినా తల ఊపాను.

అత్త వెళ్ళిపోయింది. వెనక తలుపు తెరిచే ఉంది. ఒక్క గెంతు వేస్తే నేనూ సందులో ఉంటాను. సందు చివర ఎవరిదో సైకిలు గంట వినిపిస్తోంది. నేను మగ్గుతో నీళ్ళు తీసి నేల మీద పోశాను. మళ్ళీ తీశాను. కాలు ఇలా పెట్టు, చెయ్యి చాపు, కళ్ళు మూసుకో అని లేని పిల్లతో గట్టిగా మాట్లాడాను. మూగదని అతనే చెప్పాడు కాబట్టి ఎదురు జవాబు వినిపించకపోయినా అతనికి తేడా తెలియలేదు.

మొదటిసారి మెల్లగా తట్టాడు. "జల్దీ కరో, బేటీ." సబ్బు కళ్ళలో పడిందన్నాను. రెండోసారి గట్టిగా తట్టాడు. మూడోసారి తట్టలేదు, తలుపుని భుజంతో నొక్కాడు. గడియ మేకు గోడలోంచి కొంచెం బయటికి వచ్చి, సున్నం పొడి నా పాదాల మీద రాలింది. మాట్లాడాలని తెలుసు, నోరు తెరిచాను, మాట రాలేదు. చేతులు మాత్రం మగ్గు ముంచుతూ, పోస్తూ ఉన్నాయి. ఆ నీళ్ళ చప్పుడొక్కటే నాకూ అతనికీ మధ్య ఉంది.

అప్పుడు వరండాలో అత్త గొంతు వినిపించింది. టీ పంపించనా, పాలు వేసినదా వెయ్యనిదా అని హిందీలో అతన్ని అడుగుతోంది. పిల్లలు నీళ్ళు దొరికితే బయటికి రారని విసుక్కుంటోంది. అతను ఏదో కసిరాడు. అత్త మళ్ళీ టీ సంగతే ఎత్తింది. ఆ మాటలు ఎంతసేపు సాగాయో నాకు తెలియదు. బూట్ల చప్పుడు, ఒక అరుపు, ఏదో మట్టిది పగిలిన చప్పుడు వినిపించాయి. తర్వాత అత్త తలుపు తియ్యమంది. నేను తియ్యలేకపోయాను. చేతులు మగ్గుని వదలడం లేదు. చివరికి ఆమే వెనక నుంచి వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది.

ఆ పిల్లకి పక్కింటి దీదీ అన్నం కలిపి పెట్టింది. చాలాసేపు ముద్ద ముట్టలేదు. అతన్ని పోలీసులు పట్టుకెళ్ళారని, ఇక రాడని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. చివరికి ఆ పిల్ల నోరు విప్పింది.

"మాయమ్మ పలాస టేసన్లో కూకుంది. నాకోసం సూస్తాది."

నోరు విప్పితే మీ అమ్మని చంపేస్తానని అతను బెదిరించాడట. వాళ్ళమ్మ నిజంగానే ఆ స్టేషన్ వదిలి వెళ్ళలేదు. కూతురు తప్పిపోయిన ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. పోలీసులు కబురు పంపాక మర్నాడు రైలు దిగింది. తల్లీ కూతురూ కలుసుకున్నప్పుడు ఎవరూ ఏడవలేదు. ఆమె పిల్ల మొహం, చేతులు, కడియాలు తడిమి చూసుకుని, అక్కడే నేల మీద కూలబడిపోయింది.

నాన్న షెడ్డు నుంచి వచ్చి అత్త మీద చాలా కోప్పడ్డాడు. నీ పిల్లయితే పంపేదానివా అన్నాడు. అత్తకి పిల్లలు లేరు. ఆ మాట అన్నాక నాన్న కూడా తల దించుకున్నాడు. అత్త వంటింట్లోకి వెళ్ళింది. నాన్నకి టీ తెచ్చి ఇస్తుంటే కప్పు సాసరు మీద గలగలమని కొట్టుకుంటోంది. అప్పుడు చూశాను అత్త చేతులు. అవి నా చేతుల కంటే ఎక్కువగా వణుకుతున్నాయి.

నాన్న వెళ్ళాక, నీకూ భయం వేసిందా అని అడిగాను.

"నేకపోతే ఎలాగమ్మీ? గేటు తీసుకుని ఎవలొచ్చినా నాకు బయ్యమే. ఆ బయ్యం ఉండబట్టే కాళ్ళ కడియాలు కనిపించినాయి. బయపడ్డం తప్పు కాదు. బయపడి సూపు తిప్పేసుకుంటామే, అది తప్పు."

అత్త పోయి చాలా ఏళ్ళయింది. లాడ్జి ఉన్న చోట ఇప్పుడు వేరే కట్టడం ఉంది. నేను ఈ వయసులోనూ ధైర్యస్థురాలిని కాలేదు. తలుపు గట్టిగా తడితే ఇప్పటికీ గుండె జారిపోతుంది. కానీ రైల్లోనో, ఆసుపత్రి వరండాలోనో నాకు భయం కలిగించేది ఏదైనా కనబడితే, కిటికీ వైపు మొహం తిప్పుకోబోతున్న నన్ను నేనే ఆపుకుంటాను. ఇంకోసారి చూస్తాను. ఒక్కోసారి అక్కడ ఏమీ ఉండదు. ఒక్కోసారి ఉంటుంది.

ఈమధ్య కొడుకూ మనవరాలితో పూరీ వెళ్ళాను. సముద్రం పక్కన పెద్ద హోటలు. కౌంటరు దగ్గర చిన్న వయసు అమ్మాయి మా కాగితాలన్నీ చూశాక, బయటికి వచ్చి మనవరాలి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నీ పేరేమిటి, వీళ్ళు నీకు ఏమవుతారు అని అడిగింది. సిగ్గుతో మనవరాలు నా చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. మా అబ్బాయికి కోపం వచ్చింది, నా కూతురే కదా, కాగితాల్లో ఉంది కదా అన్నాడు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది కానీ లేవలేదు. జవాబు కోసం కాచుకుంది.

మనవరాలి తరఫున నేను మాట్లాడలేదు. మా అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ అమ్మాయి చూపు పిల్ల మొహం నుంచి నా మొహానికీ, మళ్ళీ పిల్ల మొహానికీ తిరుగుతుంటే, తనివితీరా చూడనీ అని కదలకుండా నిలబడ్డాను.