బ్యాటరీకి తెచ్చిన నీళ్ళు

కరెంటు తీగలు మా అక్క ఇంటి మీదుగానే పోయేవి. కాజీపల్లి అవతల, ఊరికి దూరంగా, చేను మధ్యలో వాళ్ళ పెంకుటిల్లు. ఆ చేనులోనే పెద్ద పెద్ద ఇనుప స్తంభాలు పాతి, ఫ్యాక్టరీలకు లైను లాగారు. ఇంట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి. అది పెద్ద లైను, అందులోంచి ఇంటికి ఇవ్వడం కుదరదు, ఒక్క ఇంటి కోసం ట్రాన్స్‌ఫార్మర్ పెట్టలేం అని ఆఫీసులో చెప్పారు. మా బావ కాళ్ళరిగేలా తిరిగి తిరిగి, చివరికి ఆ స్తంభానికి బర్రెను కట్టెయ్యడం మొదలుపెట్టాడు. "కరెంటోళ్ళు నాకిచ్చిన కనెక్షన్ గిదే," అనేవాడు.

తొంభైలు సగం గడిచేసరికి బావకు ఆయాసం పట్టుకుంది. పొద్దు గూకితే ఫ్యాక్టరీల వాసన చేల మీదికి దిగేది. తలుపులు మూస్తే ఉక్క, తీస్తే దగ్గు. సంగారెడ్డి డాక్టరు గాలి బాగా ఆడే చోట ఉండమన్నాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆ చేను అమ్మిపెడతానని ఒక బ్రోకరు మాటిమాటికీ వచ్చి కూర్చునేవాడు. అక్కకు చేను విడిచిపెట్టడం చచ్చినా ఇష్టం లేదు. బావ మాత్రం తేల్చి చెప్పేశాడు.

"ఫ్యాను తిరిగితె ఉంట. లేకుంటె అమ్ముకోని టౌనుకు పోదాం. గీ ఉక్కల పండుడు ఇగ నాతోని కాదు."

అక్క నా వైపు చూసింది. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, పటాన్‌చెరులో ప్యానెల్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మా ఇంటావంటా కరెంటు గురించి చదివినదాన్ని నేనొక్కదాన్నే. చదివి ఏం లాభం, తోడబుట్టినదాని ఇంట్లో బుడ్డి దీపం.

"నువ్వే ఏదన్న జెయ్యాలె చెల్లె," అంది అక్క.

కంపెనీలో అన్నం తినే వేళ, పాత డ్రాయింగుల వెనకవైపు లెక్కలు వేసేదాన్ని. రాత్రంతా తిరిగే ఒక చిన్న ఫ్యాను, వంటయ్యేదాకా వెలిగే ఒక ట్యూబులైటు. వాటికి ఎంత ఎండ కావాలి, దాన్ని కరెంటుగా మార్చే సోలార్ పలకలు ఎన్ని కావాలి, ముసురు పట్టినప్పుడు ఆదుకోవడానికి ఎంత బ్యాటరీ కావాలి. పొగగొట్టాల మసి పలకల మీద పడితే ఎంత తగ్గుతుందో అది కూడా లెక్కలోకి తీసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా వెల్డరు స్టాండు చేసిచ్చాడు. పలకలను దక్షిణానికి వాల్చి కప్పు మీద బిగించి కిందికి దిగితే, బావ అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు. "ఏం మరదలా, ఎండను డబ్బాల వట్టి పెడ్తున్నవా?" అన్నాడు. అక్క అప్పటికే నిచ్చెనెక్కి పలకల అద్దం మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేస్తోంది. అద్దం తుడిపించి, బొట్లు స్టాండుకు పెట్టించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

తర్వాత బ్యాటరీ మూతలు తీసి చూపించాను. "దీంట్ల నీళ్ళు తగ్గుతుంటయక్కా. తగ్గినప్పుడు గీ గీత దాంక పొయ్యాలె. గీ డబ్బాల తెచ్చినవి బ్యాటరీకనే అమ్మే మంచి నీళ్ళు, ఏ కల్తీ లేనివి."

అక్క డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసింది. "గింత తేటగున్నయేందే! మన బాయి నీళ్ళు గిట్లనే ఉంటుండె," అంది.

నిజమే, ఆ బావి నీళ్ళ కోసం ఒకప్పుడు పక్క చేల కూలీలు కూడా వచ్చేవాళ్ళు. ఫ్యాక్టరీల మురుగు ఇంకి, ఇప్పుడు చేదతో తోడితే నురగ, ఎర్రటి తెట్టు. బర్రె కూడా మూతి పెట్టదు. ఊళ్ళోకి ట్యాంకరు వస్తే, అక్క అంత దూరం నడిచి బిందెలతో మోసుకొచ్చేది. ఆ నీళ్ళకూ తుప్పు వాసన. మావైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబెడు నీళ్ళిస్తారు, ఆ తర్వాతే మాట. "వచ్చినోళ్ళ చేతుల చెంబు వెట్టాల్నంటె సిగ్గైతుందే," అని అక్క ఎన్నోసార్లు కళ్ళొత్తుకుంది. నేను ఓదార్చి మళ్ళీ నా వైర్ల పనిలో పడేదాన్ని.

ఫ్యాను తిరిగింది. బావ పొద్దెక్కేదాకా లేవలేదట. బ్రోకరు వస్తే, "మా మరదలు సూర్యుణ్ణే ఇంటికి తెచ్చింది, ఇగ నువ్వు రాకు," అన్నాడట. ఆ మాట అక్క చెబుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత సంతోషం మా ఇళ్ళల్లో నిలబడదని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఎండాకాలం దగ్గరపడుతుంటే అక్క, "డబ్బా అయిపోయిందే చెల్లె, మల్ల తే," అనడం ఎక్కువైంది. బ్యాటరీ ఇన్ని నీళ్ళు తాగుతోందంటే చార్జింగు ఎక్కువవుతోందని నేను అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. చార్జింగు కాస్త తగ్గించి పెట్టాను. ఫ్యాను నీరసపడింది. ఇంకో డబ్బా తెచ్చాను. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత మెల్లగా తిరగసాగింది. బావ దాని కిందే కూర్చుని, రొప్పుతూ దాన్నే చూసేవాడు. నన్ను ఒక్క మాట కూడా అనేవాడు కాదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. అక్క ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, బ్యాటరీ మూతలన్నీ విప్పాను. లోపలి సీసం రేకుల మీద ఎర్రటి మడ్డి. వంగి చూస్తే వాసన తెలిసింది. అది బావి వాసన.

"అక్కా, దీంట్ల ఏం నీళ్ళు పోసినవ్?"

"బాయివే. ఏమాయె? గీత దాంక తగ్గనియ్యలే."

"మరి నేను తెచ్చిన డబ్బాలేమైనయి?"

అక్క నా చేతి పక్కనున్న చెంబు వైపు చూసింది. "ఇప్పుడు తాగితివి గదనే."

ఇన్నాళ్ళూ నేను తాగింది అవే. చప్పగా ఉంటే ట్యాంకరు నీళ్ళు కాచి చల్లార్చిందనుకున్నాను.

"మేం ముట్టలే. నాకు మీ బావకు ట్యాంకర్‌వే. వచ్చినోళ్ళకే ఇచ్చిన," అంది అక్క. "బ్యాటరీదేముందే, మిషను. గా బాయి నీళ్ళు నీ చేతుల పెట్టమంటవా?"

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలి? ఆమె మీద అరిచే నోరు నాకు లేదు. బావిని పాడుచేసినవాళ్ళకు నా అరుపు వినబడదు. కొత్త బ్యాటరీ తెస్తానన్నాను. బావ చెయ్యి అడ్డం ఊపాడు. "వద్దు మరదలా. ఇగ సాలు."

చేను అమ్మేశారు. పోతిరెడ్డిపల్లిలో కిరాయి గది తీసుకున్నారు. అక్కడ కరెంటు ఉంది, ఫ్యాను జోరుగా తిరిగేది. బావ దాని కింద ఎక్కువ కాలం పడుకోలేదు. ఏడాది తిరక్కుండానే పోయాడు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు పలకలు దింపింది నేనే. దింపేముందు మీటరు పెట్టి చూశాను. వాటిలో ఏ లోపమూ లేదు, సూర్యుడిలోనూ లేదు. లారీలో సామాను ఎక్కిస్తుండగా చేను కొన్నాయన పట్నం నుంచి కారులో దిగాడు. ఆ చోటికి రావడం అదే మొదటిసారి. ఎండకు మొహం ఎర్రగా కమిలిపోయింది.

అక్క లోపలికి వెళ్ళింది. ఆఖరి డబ్బాలో అడుగున మిగిలిన నీళ్ళు చెంబులోకి వంచి, చెంగుతో చెంబు తుడిచి, తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగాడు.

"నీళ్ళు మంచిగున్నయమ్మా. గీ బాయివేనా?"

నేను అక్క మొహం చూడలేక తల తిప్పుకున్నాను.

"ఔనయ్యా," అంది అక్క. "మా బాయివే."