బాలప్ప పగటి నిద్ర

చిట్కుల్‌లో మల్లవ్వ కట్టించిన కిరాయి గదుల వరుసలో బాలప్ప నిద్రంటే అందరికీ హడలు. ఆయన ఇస్నాపూర్ అవతల ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. సొంతూరు నారాయణఖేడ్ వైపు. భార్య పోయింది, పిల్లల్లేరు. రాత్రి డ్యూటీ అంటే మిగతావాళ్లు మొహం చిట్లించేవారు, ఈయన మాత్రం అడిగి మరీ వేయించుకునేవాడు. రాత్రిపూట ఖాళీ గదిలో పడుకోవడం కంటే బాయిలర్ పక్కన కూర్చోవడమే నయమనుకునేవాడు. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు.

పొద్దున వచ్చి హెల్మెట్‌ను తలుపు బయటి మేకుకు తగిలించాడంటే ఇక ఆ గది జోలికి ఎవరూ పోకూడదు. షిఫ్టు చేసి వచ్చినవాళ్లను లేపకపోవడం ఆ వరుసలో అందరూ పాటించే మర్యాదే. కాకపోతే బాలప్పకు ముక్కు మీద కోపం. ఒకసారి కరెంటు బిల్లు ఇద్దామని తలుపు తట్టిన పాపానికి, ఇంటి ఓనరని కూడా చూడకుండా మల్లవ్వనే దులిపేశాడు.

"ఏందక్కా, ఇల్లు గిట్ల అంటుకున్నదా? రాత్రంత పనిచేసినోన్ని పండుకోనియ్యవా?"

అప్పటి నుంచి ఆ నిద్రకు మల్లవ్వే కావలి. మనవరాలు నిషిత గట్టిగా నవ్వినా ఊరుకునేది కాదు.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దాహమేసి బాలప్పకు మెలకువ వచ్చింది. బయట రెండో షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది. రోజూ ఒంటిగంటకు వచ్చే బస్సది. లేచి కుండలోంచి నీళ్లు ముంచుకున్నాడు. ప్లాస్టిక్ గ్లాసు నోటిదాకా రాకుండానే చేతిలోంచి జారిపోయింది. తీద్దామని వంగితే కుడికాలు తనది కానట్టు మడతపడింది. అలాగే తలుపు పక్కన నేల మీద వెల్లకిలా పడిపోయాడు. 'అక్కా' అని కేకేశాననుకున్నాడు. వచ్చింది చిన్న మూలుగు, అది కూలర్ హోరులో కలిసిపోయింది.

తలుపవతల మాటలు మాత్రం ఆయనకు బాగా వినబడుతున్నాయి.

"జెర మెల్లగ మాట్లాడు బిడ్డా, బాలప్ప పండుకున్నడు," అంటోంది మల్లవ్వ.

కాసేపటికి నల్లా వచ్చింది. బిందెల చప్పుడు, ఆడవాళ్ల పోట్లాట. ఈ గొడవకైనా తలుపు తడతారని బాలప్ప ఆశపడ్డాడు. ఎవరో పక్కింటామె "బాలప్పను లేపకపోయినవా అక్కా, నీళ్లు పోతయి," అంది కూడా.

"వద్దు వద్దు, తిడతడు. నేనే పడత," అంది మల్లవ్వ. రెండు బిందెలు నింపి, చప్పుడు కాకుండా ఆయన గుమ్మం ముందే దించి పోయింది. బాలప్ప తల అక్కడికి జానెడు దూరంలో ఉంది. ఎవరి మీదా కోపం రాలేదు. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది, కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

చివరికి అదే ఫ్యాక్టరీలో పనిచేసే సుధీర్, బాలప్ప బండి తాళంచెవి అడగడానికి వచ్చాడు. ఎంత పిలిచినా పలక్కపోయేసరికి తలుపు తన్ని గడియ ఊడగొట్టాడు. అంబులెన్సులో సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెంట మల్లవ్వ ఉంది. స్కానింగు చూసి డాక్టరమ్మ తొందరపడింది.

"మెదడుకు పోయే నరంలో రక్తం గడ్డకట్టింది. దాన్ని కరిగించే ఇంజక్షన్ ఉంది. కానీ జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి, దాటాక ఇస్తే లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం. ఈయన్ను బాగుండగా చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పొద్దుగాల, డ్యూటీ నుంచి వచ్చినప్పుడు," అంది మల్లవ్వ. "మల్ల జూడలే అమ్మా. పండుకున్నడనుకున్నం."

ఒంటిగంట, బస్సు వచ్చినప్పుడు, మేలుకునే ఉన్నాను. ఎదుటి గోడ గడియారంలో ఇంకా నాలుగే అయింది. బాలప్ప లోపల మాటలన్నీ వరసగానే ఉన్నాయి. నోట్లోంచి మాత్రం "బ... బ..." తప్ప రాలేదు. డాక్టరమ్మ వంగి అడిగింది, పొద్దునా అని. తల ఊగింది. మధ్యాహ్నమా అంటే మళ్లీ ఊగింది. రాత్రా అన్నా ఊగింది. తన తలే తనకు ద్రోహం చేస్తుంటే బాలప్ప గుడ్లప్పగించి చూశాడు.

"సరిగ్గా తెలియనప్పుడు పొద్దుటి నుంచే లెక్క వేసుకోవాలి," అంది డాక్టరమ్మ నీరసంగా. "గడువు ఎప్పుడో దాటింది."

ఆ మందు ఎక్కించలేదు. వేరే మాత్రలతో ప్రాణం నిలిచింది. కుడిచెయ్యి వేలాడిపోయింది, కొలువూ పోయింది. మాటలు నెలల మీద ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఎవరైనా అడిగితే చెబుదామని, రాత్రిళ్లు ఒక్కడే పడుకుని ఆ నాలుగు మాటలే కూడబలుక్కునేవాడు. సుధీర్‌కు షిఫ్టు మారింది, రావడం తగ్గించాడు. మిగతావాళ్లు బాగున్నవా అని గుమ్మంలోంచే పలకరించి పోయేవారు.

ఒకరోజు మల్లవ్వ జొన్నరొట్టె తెచ్చి పెట్టి, వెంటనే లేవకుండా గడప మీదే కూర్చుంది.

"తమ్మీ, అందరికి నిద్రలనే వచ్చిందని చెప్తున్న. నువ్వు చెప్పు. గట్లనేనా? నేను గప్పుడు జెర లేపితే..." ఆమె మొహం పీక్కుపోయి ఉంది. ఈ నెలలన్నీ ఆమె కూడా నిద్రపోలేదని బాలప్పకు అప్పుడే తెలిసింది.

ఇన్నాళ్లూ దాచుకున్న మాటలు నాలుక చివరే ఉన్నాయి. ఒంటిగంట, బస్సు, బిందెలు, తలుపు. ఒక్కటీ తడబడకుండా చెప్పగలడు.

"నిద్రలనే... వచ్చిందక్కా," అన్నాడు. "నాకేం... తెల్వలే."

మల్లవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఖాళీ పళ్లెం తీసుకుని, ఆ పూట తేలిగ్గా నడిచి వెళ్లింది. ఆమె ఒక్కతే అడిగింది. ఇక బాలప్పను ఆ మధ్యాహ్నం గురించి అడిగేవాళ్లెవరూ లేరు.