భుజంలో ముడి

అమెరికాలోని క్యారీ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే హైమవతిని మూడేళ్లపాటు తలనొప్పి పీడించింది. మేనేజర్ వాసుదేవ్ మీటింగ్‌లో అందరి ముందూ "అంతా యాక్టింగ్" అని నవ్వాడు. ఉద్యోగంలోంచి తీయించాడు. చివరికి ఒక థెరపిస్టు ఆమె భుజం కండరంలో బఠాణీ గింజంత ముడిని పట్టుకుని నొక్కితే నొప్పి తలలోకి పాకింది. తలనొప్పి పుట్టే చోటు అదే. ఆ ముడిని నొక్కి వదులు చేస్తూ పోతే కొన్ని వారాల్లో నొప్పి తగ్గిపోయింది. ఆ విద్యే హైమవతి నేర్చుకుంది.

ఐదేళ్లకు వాసుదేవ్ మెడ పట్టుకుని ఆమె క్లినిక్‌కే వచ్చాడు. ఆమెను చూసి తెల్లబోయాడు. హైమవతి అతని భుజంలో ముడి వెతికి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"అమ్మా! కంటిదాకా లాగుతోందండీ!"

"నిజమేనా, యాక్టింగా?"

"సారీ హైమగారూ."

"నాకు చెప్తే చాలదు. అప్పటి టీమ్ అందరికీ మెయిల్ పెట్టండి. ఆ తర్వాతే ట్రీట్‌మెంట్."

అతను ట్రీట్‌మెంట్ బల్ల మీదే కూర్చుని ఫోన్‌లో టైప్ చేశాడు. మెయిల్ వెళ్లాక ఆమెకు కసి తీరింది. అప్పుడు గాని మళ్లీ అతని భుజం మీద చెయ్యి వేయలేదు.