జొన్నపిండి కలిపిన పండగ

పోయిన ఆదివారం పూజలో మా చిన్న ఫాదరు దేవుని పిలుపు గురించి చాలాసేపు చెప్పి, చివర్లో పిల్లల వైపు తిరిగి "మీలో ఎవరికైనా పిలుపు వచ్చిందా? వస్తే చేతులెత్తండి" అన్నాడు. ఒక్క చేయీ లేవలేదు. పిల్లలు మోచేతులతో పొడుచుకుంటూ కిసకిసలాడారు. ఆ నవ్వుల మధ్య నా చేయి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. ఎనభై దాటిన ముసలిదాన్ని, మోకాళ్ళ మీద నిలవలేక కుర్చీలో కూర్చుని పూజ చూసేదాన్ని, బడిపిల్లలా చెయ్యెత్తుకుని ఉంటే పక్కనున్న మనవరాలు సిగ్గుతో చచ్చిపోయి "అవ్వా, దించు! అడిగింది మఠంలో చేరేవాళ్ళని" అని కొంగు లాగింది. ఫాదరు మైకులోనే "మన అవ్వకు ఇప్పుడొచ్చినట్టుంది" అన్నాడు. గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మంచం కింద పాత చీరలో చుట్టిపెట్టిన ఇనుమును బయటికి లాగి, ఒళ్ళో పెట్టుకుని, అన్నానికి పిలిచినా లేవకుండా కూర్చున్నాను.

ఆ ఇనుము సంగతి ముందు చెప్పాలి. పెద్ద పట్టుకారు లాంటిది, రెండు చేతులంత పొడవు. కొసన రెండు చదునైన పలకలు, లోపలివైపు సిలువ గుర్తు చెక్కి ఉంటుంది. బొగ్గుల మీద కాల్చి, తేనెమైనం రుద్ది, పలచటి గోధుమపిండి నీళ్ళను గరిటెడు పోసి మూసి పట్టుకోవాలి. చుయ్యిమని ఆవిరి లేస్తుంది. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఒక్కసారి చెప్పుకునేంతసేపు, అంతే. తెరిస్తే కాగితమంత పలచగా తెల్లటి అప్పం, దాని మీద సిలువ. దాన్ని చిన్న చిన్న బిళ్ళలుగా కోసి గుడికి పంపితే, ఫాదరు పూజలో మంత్రాలు చెప్పి, క్రీస్తు స్వామి అందులోకి వచ్చాక, సత్ప్రసాదంగా మన నాలుక మీద పెడతాడు. ఇప్పుడు అవి ప్లాస్టిక్ పొట్లాలలో ఎక్కడి నుంచో వస్తాయి. బాగానే ఉంటాయి. వాటికి బొగ్గుల వాసన ఉండదు, అంతే.

నాకు ఆ వాసన ఎనిమిదో ఏట తగిలింది. అమ్మ అప్పటికే పోయింది. మా నాయన హగరిలో సర్కారు వ్యవసాయ ఫారంలో కూలీ. పండగకు నన్ను బళ్ళారికి రైల్లో తీసుకొచ్చాడు. గుడి వెనక మఠం, మఠం వెనక చిన్న గది, ఆ గది కిటికీలో నుంచి తెల్లటి ఆవిరి. ఒక ముసలి సిస్టరు చెయ్యి బయటికి వచ్చి, అప్పాలు కోయగా మిగిలిన అంచులు నా గౌను ఒళ్ళో పోసింది. ఉప్పు లేదు, తీపి లేదు. నాలుక మీద పెడితే ఉందో లేదో తెలియకముందే పోయింది. ఆ రోజు హగరి ఏరు దాటేదాకా రైలు కిటికీలోంచి నల్లరేగడి చేలను చూస్తూ, నాలుక మీద లేని ఆ అంచు కోసం వెతుక్కుంటూనే ఉన్నాను. ఆ అప్పాలు ముట్టుకోవాలంటే తెల్లబట్ట, ముసుగు ఉండాలని నా చిన్నబుర్రకు తోచింది. అందుకే ఇంటికెళ్ళగానే "నాయనా, నేను సిస్టరునవుతా" అన్నాను. మూడో తరగతితో బడి మానేసిన నన్ను, పదిహేడు నిండగానే నాయన మఠంలో దిగబెట్టాడు. దిగబెట్టకముందే ఫారంలో ఎద్దులకు తప్ప అందరికీ చెప్పేశాడు, "మా పాప అమ్మగారు అవుతాండాది" అని.

బళ్ళారి కౌల్ బజార్‌లో మా మేనమామ ఇల్లు ఉండేది. అమ్మ పుట్టింటివాళ్ళు పాత మిషను చర్చివాళ్ళు. మా కాథలిక్కుల ధూపాలు, జపమాలలు వాళ్ళకు వింత. మఠంలో చేరుతున్నానని తెలిసి మా అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏమే కోడలా, యాడన్నా మొగుడు దొరక్క ముసుగేసుకుంటాండావా? తల దువ్వుకునే పని తప్పుతాదిలే, పో" అంది. ఆ మాటకు నేను మూడేళ్ళు ఆమె గడప తొక్కలేదు.

మఠంలో నన్ను ఆ ముసలి సిస్టరుకే అప్పగించారు. మంగళూరు వైపు మనిషి. సగం కన్నడం, సగం తెలుగు, మిగిలింది చేతిసైగ. మొదటి రోజే వేలు చూపి, "గోధి, నీరు. అష్టే" అంది. గోధుమ, నీళ్ళు, అంతేనని. ఉప్పూ నూనే వద్దంటోందని నేననుకున్నాను. తెల్లవారుజామున ఆ గదిలో ఆమె ఒక జపం, నేనొక జపం. ఇనుము మూసి, తెరిచి. కిటికీలోంచి కోట గుట్ట మొదట నల్లగా, తరువాత నీలంగా, తరువాత రాళ్ళు రాళ్ళుగా విడిపోతూ కనబడేది. గాలిలో పిండి తేలుతూ ఎండ తగిలిన చోట వెలిగేది. మిగతా వేళల్లో ఇంగ్లీషు అక్షరాలు, లాటిను ప్రార్థనలు నేర్పేవాళ్ళు. అవి నా చెవి దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి వెనక్కి పోయేవి.

మూడో ఏడు వానలు లేవు. బజార్లో గోధుమలు దొరకలేదు. మరియమాత పుట్టినరోజు పండగకు ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని జనం వస్తారు. ఆ రోజే, పూజ అయ్యాక, నాతో కలిపి మఠంలో చేరిన ముగ్గురు ఆడపిల్లల్లో ఎవరిని సిస్టరు చదువుకు తీసుకునేదీ మఠానికి పెద్ద అయిన మదరు చెబుతుంది. అదే వారం ముసలి సిస్టరు జ్వరంతో పడింది. డబ్బాలో పిండి చూస్తే సగం జనానికి కూడా చాలదు. మదరును అడిగితే చేతకానిదాన్నంటుందేమో. అత్త ఇంట్లో మూత బిగించిన డబ్బాల నిండా గోధుమలుంటాయని తెలుసు. అడగడానికి నోరు రాలేదు. మా ఇంట్లో గోధుమలు తక్కువైనప్పుడల్లా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను. మంచి తెల్లజొన్నపిండి, రెండుసార్లు జల్లెడ పట్టి కలిపాను. అప్పాలు కాస్త పెళుసుగా వచ్చాయి. ఎంత పొదుపరినో అని నన్ను నేనే మెచ్చుకుని, బుట్టనిండా గుడికి పంపేశాను.

పండగ ముందురోజు మధ్యాహ్నం సిస్టరుకు గంజి తాగిస్తున్నాను. జ్వరం మాటల్లో ఆమె ఏదో పాత కరువు చెప్పసాగింది. అడవిలో ఒక ఫాదరు నెలల తరబడి గోధుమ గింజ దొరక్క పూజే చెయ్యలేదట. "జొన్న లేదా సిస్టర్?" అన్నాను. ఆమె కళ్ళు మూసుకునే నవ్వింది. "జోళదల్లి మాడిదరె, జొన్నతో చేస్తే, మగా, ఎంత మంత్రం చెప్పు, అది ఉత్త రొట్టె. స్వామి రాడు."

గంజి గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. అప్పాల్లో జొన్న కలిపిన సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రేపు ముసుగు నాది. కానీ రేపు అన్ని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని నాలుక చాపితే, నేను వాళ్ళకు ఉత్త జొన్నరొట్టె పెట్టినట్టు. వాళ్ళలో మా నాయనా ఉంటాడు.

తెల్లవారి పూజకు ముందు అప్పటి ముసలి ఫాదరు పాపసంకీర్తన, అంటే చేసిన తప్పులు ఒప్పుకోవడం, వింటుంటే వరసలో నిలబడ్డాను. అదే మంచి దారనుకున్నాను. ఆ చెక్కపెట్టెలో, జాలీ చాటున, మొహం కనబడకుండా చెప్పేస్తే ఆయన చూసుకుంటాడు, నా పేరు బయటికి రాదు. గుసగుసగా అంతా చెప్పాను.

"పాపా, ఈడ చెప్పింది ఈడనే ఉంటాది. బయట నా నోరు కట్టేసినట్టే" అన్నాడు ఫాదరు. బళ్ళారిలో ముప్పై ఏళ్ళుండి మా యాసే పట్టుబడినాయన. "ఎవరికీ ఒక మాట చెప్పేదానికి ల్యాదు. నువ్వే బయటికొచ్చి నాకు మళ్ళీ చెప్పల్ల."

"మదరు ముందరనా ఫాదర్?"

"ఆమె ఆడనే ఉంటాది గదా."

నేను బయటికొచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఫాదరు కూడా వచ్చాడు. నా వైపు చూడనైనా చూడకుండా పూజ సామాన్ల గదిలోకి పోయి, స్టూలు మీద కూర్చుని బూటు తాడు కట్టుకోసాగాడు. కట్టాడు. విప్పాడు. మళ్ళీ కట్టాడు. పూజబట్టలు పట్టుకుని మదరు ఎదురుగా నిలబడి గడియారం చూస్తోంది. బయట జనం పాట మొదలుపెట్టేశారు. ఆయన రెండో బూటు తాడు విప్పాడు. ఆ ముసలి వేళ్ళు నా కోసం అంత నెమ్మదిగా కదులుతుంటే చూడలేక లోపలికెళ్ళి, "ఫాదర్, ఆ అప్పాల్లో జొన్నపిండి కలిపినాను" అన్నాను, గట్టిగానే.

మదరు మొహం చూడలేదు, చూసే ధైర్యం లేక. ఫాదరు అప్పుడే మొదటిసారి విన్నట్టు తలెత్తి, "మంచి గోధుమలు దొరికితే ఎంతసేపు పడతాది?" అని మాత్రం అడిగాడు.

కౌల్ బజార్ సందుల్లో పరిగెత్తాను. మూడేళ్ళ పౌరుషం ఏ మలుపులో జారిపోయిందో. అత్త వాకిట్లో చాట పట్టుకుని ఉంది. రొప్పుతూ సంగతి చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "అంటే, మా గోధుమలు ల్యాకుంటే మీ దేవుడు రాడా?" అంది. అంటూనే డబ్బా మూత తీసి, ఇసుర్రాయి ముందు కూలబడి, "నిలబడినావేందే, ఆ పక్క పట్టుకో" అని కసిరింది. ఇద్దరం ఎదురెదురుగా విసిరాం. పిండి మా రెప్పల మీద పడింది. నాకు సాయంగా మఠం దాకా మూట మోసుకొచ్చి, పొయ్యిగది గుమ్మంలో ఆగి, "మా పాస్టరుకు తెలిస్తే నన్ను ఎలేస్తాడు, చెప్పద్దు" అంది. మళ్ళీ తనే లోపలికొచ్చి విసనకర్రతో బొగ్గులు రాజేసింది.

ఆ రెండు గంటలు నాకు ఇప్పటికీ కలలాగే ఉన్నాయి. బయట ఎండ ఎక్కుతోంది. ఆకలికి పిల్లలు ఏడుస్తున్నారు. పాట ఆగినప్పుడల్లా ఎవరో మళ్ళీ ఎత్తుకుంటున్నారు. నేను ఇనుము మూసి ఒక జపం, తెరిచి ఒక అప్పం. నన్ను ఇంటికి పంపేస్తారన్నది గుర్తే రాలేదు. చేతులు వాటంతటవే నడిచాయి. నేనెవరినో, ముసుగు ఉందో లేదో, అదేదీ ఆ ఆవిరిలో లేదు. ఉన్నదంతా గోధుమ, నీళ్ళు. అంతే.

సాయంత్రం మదరు పిలిచింది. తిట్లకు సిద్ధపడి పోయాను. ఆమె నెమ్మదిగా, "తప్పు మాడిదె, అయినా చెప్పినావు. నిన్ను తీసుకుంటాం. వచ్చే నెల మంగళూరు పోవాలి, చదవాలి" అంది. నేను ఎగిరి గంతెయ్యాలి కదా. నా నోట వేరే మాట వచ్చింది.

"మరి అప్పాలు ఎవరు చేస్తారమ్మా?"

"ఇంకొకరు మాడతారు."

"అయితే నాకొద్దమ్మా" అన్నాను.

ఆ మాట విని నేనే అదిరిపోయాను. "యాకె?" అంది మదరు. ఎందుకో నాకు ఇంగ్లీషులో రాదు, కన్నడంలో రాదు, తెలుగులోనూ సరిగా రాలేదు. "నాకు పొయ్యి కావాల" అన్నాను. పక్కగదిలో జ్వరంతో పడుకున్న ముసలి సిస్టరు దగ్గుతోందనుకున్నాం. కాదు, నవ్వుతోంది.

నాయన ఊరుకోలేదు. "రొట్టెలు కాల్చేదానికా నిన్ను దేవునికి ఇచ్చింది? ఫారంలో తల యాడ పెట్టుకునేది?" అని, నాతో మాట మానేసి రైలెక్కాడు. నేను అత్త ఇంట్లోనే ఉండి, రోజూ చీకటితో లేచి మఠానికి నడిచేదాన్ని. రైల్వే ఫిట్టరుతో పెళ్ళయినా, ఇద్దరు కొడుకులను కన్నా, ఆ గది వదల్లేదు. చిన్నవాడు గోధుమ బస్తా పక్కనే పాకడం నేర్చాడు. ముసలి సిస్టరు పోతూ ఇనుము నాకివ్వమందట.

నాయన ఏడాది పైనే మొహం చూపలేదు. ఆ తరువాతి ఈస్టరుకు వచ్చాడు. సత్ప్రసాదం తీసుకుని, గుడి మెట్ల మీద నా పక్కన నిలబడి, గుట్ట వైపు చూస్తూ, "నోట్లో పెట్టంగనే కరిగిపాయమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాకు అది చాలింది.

ఆదివారం చెయ్యెత్తినందుకు మనవరాలు ఇంకా ఏడిపిస్తూనే ఉంది. ఏడిపించనీ. మంగళవార్త జపం చివర్లో "ఇప్పుడూ, మా మరణ గడియలోనూ మా కోసం వేడుకో" అని ఆ రెండు గడియలూ పక్కపక్కనే వస్తాయి. పొయ్యి ముందు ఆ రెండింటి మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం కూడా ఉండేది కాదు. ఇనుము ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ చెప్పుకుంటే, ఆ కాస్త ఎడంలోనే నా ఇన్నేళ్ళ బతుకూ ఎలా ఇమిడిందో అని వింతగా ఉంది.