ఫ్యూజు నా గుప్పిట్లో ఉండగా

దయ్యాల పుస్తకాలు దుప్పటి కింద దాచుకుని చదివి నవ్వుకున్నదాన్నే గానీ, ఒక్కదాన్నీ నమ్మినదాన్ని కాదు. నాకు జరిగింది మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తొంభైల్లో కరీంనగర్‌లోని ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేసేదాన్ని. గాజునార కలిపిన ప్లాస్టిక్ ముక్కల మీద రాగి పూత నిలబెట్టడం నా పని. నున్నటి ప్లాస్టిక్‌ను లోహం పట్టుకోదు. ముందు లేజర్‌తో గీతలు గీతలుగా కాల్చి గరుకు చేయాలి. నేను ఎన్ని నిలువు గీతలు గీసినా, టేపు అంటించి లాగితే రాగి టేపుతోపాటే ఊడివచ్చేది.

ఆ లేజర్ హైదరాబాద్‌లోని ఒక సంస్థ నుంచి అరువు తెచ్చింది.

"రేపు వాళ్లొచ్చి చూస్తరమ్మా. పూత నిలవకుంటే మిషన్ వాపస్ పోతది. నీ చదువు గూడ గాడికే ఆగుతది" అన్నారు మా సార్.

ఆ మధ్యాహ్నం ఒక ముక్క మీద నిలువు గీతలు గీసి, మిషన్‌లోనే ఉంచి అన్నానికి లేచాను. బయటికి వచ్చేటప్పుడు మిషన్‌కు కరెంటు అందకుండా ఫ్యూజు పీకి వెంట తెచ్చుకోవడం మా పద్ధతి. నాతో పనిచేసే రాజేశ్వరికి అదొక వేళాకోళం.

"అన్నం తినేటప్పుడు గూడ గా ఫ్యూజ్ ఇడ్వవేందే? పుస్తెలతాడా?"

ల్యాబు తలుపు ముందే కూర్చుని తిన్నాం. ఉన్న తలుపు అదొక్కటే. లోపలికి ఎవరూ పోలేదు.

తిరిగి వెళ్లేసరికి కాలిన వాసన. ముక్క ఇంకా వెచ్చగా ఉంది. నా నిలువు గీతల మీద, ముక్క నిండా, అడ్డగీతలు.

"నన్ను బెదిరిస్తున్నవా?" అంది రాజేశ్వరి. గుప్పిట విప్పి ఫ్యూజు చూపించాను.

అయినా ఆ ముక్కను పారేయబుద్ధి కాలేదు. సాయంత్రం దానికే రాగి పూత వేశాను.

మర్నాడు వచ్చినవాళ్లు టేపు లాగారు. రాగి కదల్లేదు. కత్తిమొనతో గీరారు. కదల్లేదు. నమ్మలేక, తమ ముందే ఇంకో ముక్క చేయమన్నారు. అడ్డగీతలు నేనే గీశాను. పూత వేశాను. అదీ నిలిచింది! రాజేశ్వరి అందరి ముందూ ఈల వేసింది.

అడ్డగీతల ఆలోచన ఎవరిదని అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. సార్ పడీపడీ నవ్వారు.

"ఫ్యూజ్ లేకుండ మిషన్ నడుస్తదా? నీ తెలివేనని చెప్పుకోనీకి గింత సిగ్గా, బిడ్డా!"

మిషన్ మా దగ్గరే ఉండిపోయింది. నాకు పట్టా వచ్చింది. గీతలు కలిసే చోట రాగికి పట్టు ఎలా దొరుకుతుందో ఎవరు అడిగినా తడుముకోకుండా చెప్పగలను. మొదటి ముక్క మీద ఆ గీతలు ఎవరు గీశారో మాత్రం ఈనాటికీ చెప్పలేను.