తలుపు తీస్తున్న పిల్ల

మస్కట్ శివారు మబేలాలో మా ఇంటికి ఎదురుగా కొత్త ఇల్లు లేస్తోంది. నిన్నటి దాకా సిమెంటు దిమ్మెలు కనిపించిన గోడకు ఇవాళ పొద్దున్నే ప్లాస్టరింగ్ మొదలుపెట్టారు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే తడి గోడ వాసన గుప్పుమని వచ్చింది. అంతే, చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. మల్లెపూలకో, సాంబ్రాణికో మనుషులు గుర్తొచ్చేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం తడి సిమెంటు వాసనకు ఖైరున్నీసా ఆపా గుర్తొస్తుంది. ఈ సంగతి చెబితే మా ఆయన నవ్వాడు. నవ్వనీ. ఆయన ఆపా దగ్గర పనిచేయలేదు కదా, ఆయనకేం తెలుసు!

ఆపా అంటే అక్క. ఆమెది కడప. రూవీలో మేం పనిచేసిన చిన్న టూర్ ఆఫీసుకు ఆమె మేనేజరు, నేను టికెట్ల కౌంటరు. మస్కట్‌లో ఉండే మన డాక్టర్ల, ఇంజనీర్ల కుటుంబాలను ఏటా ద్రాక్ష కోతల కాలంలో ఇటలీ తీసుకెళ్ళేది. పేరుమోసిన పెద్ద ఊళ్ళు ఆమెకు పట్టేవి కావు. వెనిస్‌ను చూపించీ చూపించనట్టు చూపించి, అందరినీ బస్సెక్కించి ఉత్తరాన ద్రాక్షతోటల కొండల్లోకి తీసుకుపోయేది. ఆ కొండల్లో పాతకాలపు ధనవంతులు కట్టుకున్న మేడలున్నాయి. అక్కడ వాటిని విల్లాలంటారు. లోపల గోడల నిండా బొమ్మలే. ఆ బొమ్మల కోసమే ఆమె ప్రయాణమంతా. దారిలో వైన్ రుచి చూపించే తోటలుంటాయి గానీ ఆపా గ్లాసు ముట్టేది కాదు. "మీరు తాగరు గదా ఆపా, మరి మాకెలా చెప్తారు?" అని ఒక డాక్టరు గారు ఆటపట్టిస్తే, "తోట సంగతి నేను చెప్తా సార్, గ్లాసు సంగతి మీరు చెప్పండి. రెండూ నేనే చెప్తే మీరొచ్చి ఏం లాభం?" అందట. ఆ డాక్టరు గారు ఇప్పటికీ ఈ మాట చెప్పుకుని నవ్వుతారు.

నాకు నోరెక్కువ. మాది తుని, మా ఇంట్లో అందరికీ నోరెక్కువే. టికెట్టు కొనడానికి వచ్చినవాళ్ళకు ఆ ఊరి చరిత్రంతా చెప్పి గానీ పంపేదాన్ని కాదు. ఒకరోజు ఆపా వెనకాల నిలబడి అంతా విన్నది. "ఈ నోరు కౌంటర్లో వృథాగా పోతాండాది మే. నాతో రా, గైడు పని నేర్పిస్తా" అంది. నేను ఎగిరి గంతేశాను. ఇండియా, ఒమన్ తప్ప మూడో దేశం మొహం చూడనిదాన్ని, ఇటలీ అంటే మాటలా!

పుస్తకాలిచ్చి చదువుకోమంటుందనుకున్నాను. ఆమె పద్ధతి వేరు. ఏదో పని మీద ఇద్దరం ఘాలా వైపు వెళ్తుంటే, కట్టుబడిలో ఉన్న ఒక గోదాము దగ్గర కారాపి నన్ను లోపలికి లాక్కెళ్ళింది. జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. ఆపా చున్నీ సర్దుకుని, "అన్నా, ఈ పాప ఆ గోడ మీద ఒక్కసారి వేలు పెడ్తాది, ఏమనుకోవద్దు" అంది.

"ఏలెందుకు మేడం? ఫోర్‌మెన్ చూసిండంటే నా డ్యూటీ ఖతం" అన్నాడాయన. అన్నాడే గానీ పక్కకు జరిగాడు. "పెడ్తే ఇప్పుడే పెట్టున్రి. ఆరినంక గీకినా గీత వడదు."

నేను చిన్న గీత గీశాను. గోడ చల్లగా, మెత్తగా ఉంది. "ఇది సిమెంటు, ఆడ సున్నం" అని మొదలుపెట్టింది ఆపా. "ఆ మేడల్లో బొమ్మలేసినోళ్ళు గోడ తడి మీద ఉన్నప్పుడే రంగేసినారు. గోడ ఆరతా ఆరతా రంగును లోపలికి తీసుకుంటాది. అందుకే వందల ఏండ్లయినా చెక్కు చెదరలేదు. అది పైన పూసిన రంగు కాదు మే, గోడలోనే ఉండాది." మేస్త్రీ నా గీతను తాపీతో చెరిపేసి, "మేడం, మీరు ఇండ్లు కట్టిస్తరా?" అని అడిగాడు. "లేదన్నా, కట్టిన ఇండ్లు చూపిస్తా" అంది ఆపా. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. కారెక్కేదాకా మాకు నవ్వాగలేదు. ఆ వాసనే ఇవాళ నా బాల్కనీలోకి వచ్చింది.

ఆ గోడల మీద దేవతలున్నారు, వీరులున్నారు, గుర్రాలున్నాయి. ఆపాకు మాత్రం ఒకే ఒక్క బొమ్మ మీద ప్రాణం. ఒక విల్లాలో నడవా మూల తిరగ్గానే ఎదురుగా ఒక తలుపు కనిపిస్తుందట. ఓరగా తెరిచి ఉంటుంది. ఆ సందులోంచి చిన్నపిల్ల ఒకతి తొంగి చూస్తుంటుంది. వచ్చినవాళ్ళు ఎవరో వస్తున్నారనుకుని ఠక్కున ఆగిపోతారట. దగ్గరికి వెళితే తలుపూ లేదు, పిల్లా లేదు, ఉన్నది ఉత్త గోడ, దాని మీద వేసిన బొమ్మ. అంతమందిలో ఈ పిల్లేమిటి ఆపా అని అడిగాను.

"మా ఇంట్లో చుట్టాలొస్తే మేం ఆడపిల్లలం తలుపు సందులోంచే చూసేది" అంది ఆపా. "ఎవురొచ్చినారు, ఏం తెచ్చినారు, ఏం మాట్లాడతాండారు అని. బయటికి రాకూడదు. దీన్ని మొదటిసారి చూసినప్పుడు నేనూ ఉలిక్కిపడినా. అరె, ఇది నేనే గదా అనిపించింది. నేనైతే ఎట్లనో బయటపడి ఇంత దూరం వచ్చినా. అదింకా ఆడనే నిలబడుకోనుండాది. అందుకే పోయినప్పుడల్లా ఒకసారి పలకరించి వస్తా."

ఆ మాట చెప్పిన ఏడాదే ఆమెకు మస్కట్‌లో ఆఖరి ఏడాది. వయసైపోయిందని కంపెనీ ఇక రెసిడెంట్ కార్డు పొడిగించనంది. చలికాలానికల్లా కడపలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలి. అక్కడికి పోయాక మళ్ళీ ఇటలీ మాటెక్కడిది? వెళ్ళేలోగా ఆ పిల్లను ఒక్కసారి చూడాలి, అంతే, ఇంకేమీ అడగలేదు ఆమె. ఆ ఏడాది గ్రూపుకు తోడుగా నన్ను తీసుకెళ్ళడానికి యజమానిని ఒప్పించింది.

ప్రయాణానికి ముందు నాకు పరీక్ష పెట్టడానికి జెబెల్ అఖ్దర్ కొండ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ కొండను మెట్లు మెట్లుగా చెక్కి దానిమ్మ, ద్రాక్ష, గులాబీ వేస్తారు. ఆపా ఒక రాతి గట్టు మీద కూర్చుని, "నేనే నీ గ్రూపు. ఈ కొండ నాకు చూపించు" అంది. నేను గొంతు సవరించుకుని ఇటలీ గురించి బట్టీపట్టిందంతా అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆపా మధ్యలో చెయ్యెత్తింది. "మేడం, బాత్రూం యాడుండాది?" నేను ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. "మేడం, మధ్యాన్నం అన్నం దొరుకుతాదా, మళ్ళీ ఆ బ్రెడ్డేనా?" నాకు ఒళ్ళు మండింది. "ఉండండి ఆపా, చెప్పనివ్వండి!" అన్నాను.

"నువ్వు గైడువా, రేడియోవా?" అంది ఆపా. "ఆ కొండ సంగతి నిన్నెవురడిగినారు? ఎదురుగా ఈ కొండ ఉండాది, ఇది చెప్పు. ఎదురుగా లేనిది చెప్పొద్దు. ఇంకోటి చెప్తా విను. ఆ పిల్ల దగ్గరికి పోయినప్పుడు మూల తిరగకముందే నోరు మూసుకో. ఇట్లుంటాది, అట్లుంటాది అని ముందే చెప్పినావంటే వాళ్ళు ఉలిక్కిపడరు. ఉలిక్కిపడకపోతే అది ఉత్త బొమ్మ."

మూతి ముడుచుకున్నాను గానీ చెప్పింది నిజమని నాకూ తెలుసు. మళ్ళీ మొదటి నుంచి, నీళ్ళ కాలువనూ, గట్టునూ, దానిమ్మ చెట్టు కింద గాడిదనూ చూపించాను. "ఊఁ, ఇప్పుడు బాగుండాది" అంటూ లేచి కిందికి దిగబోయింది. నాలుగు మెట్లు దిగిందో లేదో మోకాలు పట్టు తప్పింది. కాలువ గట్టు మీద కూలబడిపోయింది. "అమ్మీ..." అని అరిచి పెదవి కొరుక్కుంది. పైకి తీసుకురావడానికి తోటలో పనిచేస్తున్న ఇద్దరిని పిలవాల్సి వచ్చింది. డాక్టరు మెట్లెక్కడం మానేయమన్నాడు. ఆ విల్లాలన్నీ మెట్లే.

నేను ఆపా రూమ్‌కు వెళ్ళేసరికి ఆమె మంచం మీద కాలు చాపుకుని ఫ్లాస్కులోంచి గ్లాసులోకి టీ పోస్తోంది. "గ్రూపును నువ్వే తీసుకుపో" అంది. నేను ఏడ్చేశాను. "మీరు లేకుండా నేను పోను" అన్నాను. "పోకపోతే ఇద్దరం చూడకుండా పోతాం. ఏం తెలివి మే నీది!" అని కసిరింది. తర్వాత టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "దాని దగ్గరికి పోయినప్పుడు నాకు ఫోన్ చెయ్యి" అంది. వీడియో కాల్ చేస్తానన్నాను. "వద్దు. ఫోన్‌లో చూస్తే చూసినట్లూ ఉండదు, చూడనట్లూ ఉండదు. నోటితో చెప్పు. నువ్వు చెప్తాంటే నేను నడుచుకుంటా వస్తా."

ఆ విల్లా గుమ్మం దగ్గర మన గ్రూపు అంతా ఏం చేసిందో తెలుసా? ఎవరూ చెప్పకుండానే చెప్పులూ బూట్లూ విప్పేసి వరసగా పెట్టేశారు. నున్నటి నేల, పాత గోడలు, మెల్లగా మాట్లాడుకుంటున్న జనం, వాళ్ళకది గుడిలాగే తోచింది. అక్కడ నిజానికి బూట్ల పైనే తొడుక్కోవడానికి మెత్తటి గుడ్డ చెప్పులిస్తారు. కాపలా ఆవిడ ఆ చెప్పుల బుట్ట పట్టుకుని, మా సాక్సుల వంక బిత్తరపోయి చూసింది. తర్వాత బుట్ట కింద పెట్టి తనూ నవ్వేసింది.

మూల తిరగకముందే నోరు మూసుకున్నాను. చెవి దగ్గర ఫోన్. "ఆపా, మూల దగ్గరున్నాను" అని గుసగుసగా చెప్పి తిరిగాను. గోడ కనిపించలేదు. గోడకు నిలువునా తెల్లగుడ్డ కట్టి ఉంది. దాని వెనక పరంజా.

ఆ పిల్ల గురించి ఎన్నిసార్లు విన్నానో, కళ్ళు మూసుకుని పూసగుచ్చినట్టు చెప్పగలను. చెబితే ఆపాకు తెలియదు కూడా. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఆపా, గుడ్డ కట్టేశారు. బాగుచేస్తున్నారట. పిల్ల కనిపించడం లేదు."

ఆమె రూమ్‌లో ఏసీ చప్పుడు వినిపిస్తోంది. చివరికి, "సరే. ఏముంటే అది చెప్పు" అంది.

"తెల్లగుడ్డ ఉంది. అంచున రంగు మరకలున్నాయి. కింద ఒక బకెట్టు, పక్కన చిన్న నిచ్చెన..." చెబుతుండగానే గుడ్డ కదిలింది. అంచు పట్టుకుని ఓరగా తీసి, ఒక అమ్మాయి తొంగి చూసింది. తలకు రుమాలు, చేతిలో సన్నటి బ్రష్షు. ఈ తెలియని భాషలో మాట్లాడుతున్నదెవరా అని మావైపే చూస్తోంది.

"ఆపా, గుడ్డ సందులోంచి ఒకమ్మాయి తొంగి చూస్తోంది. బొమ్మ బాగుచేసే అమ్మాయి. ఎవరొచ్చారా అని చూస్తోంది."

"నిజంగానా?"

"ఒట్టు ఆపా. ఎదురుగా లేనిది చెప్పొద్దన్నారుగా."

"ఇప్పుడేం చేస్తాండాది?"

"గుడ్డ పక్కకు నెట్టి బయటికొచ్చింది. మనవాళ్ళ సాక్సులు చూసి నవ్వుతోంది."

"బయటికొచ్చిందా?" అంది ఆపా. "బస్, ఇంక నువ్వు మాట్లాడొద్దు. నన్ను విననీ." నేను ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపాను. మన ఆడవాళ్ళ కబుర్లూ, ఆ అమ్మాయి నవ్వూ, సాక్సులతో నడుస్తున్న చప్పుడూ, అన్నీ మస్కట్‌లోని ఆ గదికి వెళ్ళాయి. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఉన్నది అదే మొదటిసారి.

ఆ చలికాలంలో ఆపా కడప వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో వీల్‌చెయిర్‌లో కూర్చుని అందరికీ అదే చెప్పింది, ఆ పిల్ల బయటికొచ్చిందట అని. "వచ్చింది" అనలేదు, "వచ్చిందట" అంది. నాకు ఆ మాట దగ్గరే ప్రాణం గిలగిల్లాడింది. వెళ్ళాక ఫోన్లు చేసుకునేవాళ్ళం. మళ్ళీ ద్రాక్ష కోతల కాలం రాకముందే ఒక మధ్యాహ్నం వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, అక్క నిద్రలోనే పోయిందని చెప్పింది. కౌంటరులో జనం ఉన్నారు. వాళ్ళ ఎదుటే భోరున ఏడ్చాను. ఆమె నెంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. తీసెయ్యడానికి నాకు చేతులు రావు.

ఆ ఏడాది మళ్ళీ గ్రూపును తీసుకెళ్ళాను. ఈసారీ గుమ్మం దగ్గర చెప్పుల వరస. నేను వద్దనలేదు. మూల తిరగకముందే మాట ఆపేశాను. గుడ్డ లేదు, పరంజా లేదు. ముందు నడుస్తున్న వాళ్ళంతా ఠక్కున ఆగిపోయారు. ఒకావిడ "సారీ" అని వెనక్కి జరిగింది కూడా. రంగులు కడిగినట్టు తేటగా ఉన్నాయి. పిల్ల తలుపు ఓరగా తీసి, ఎవరొచ్చారా అని చూస్తోంది. ఆపా ఈ మూల తిరగాలి, ఆమె కళ్ళతో ఇది చూడాలి, నేను వెనక నిలబడాలి. అలా జరగాల్సింది. చెయ్యి దానంతటదే సంచిలో ఫోన్ కోసం వెతికింది.

"ఆపా రాలేదమ్మా. నేనొచ్చాను" అన్నాను ఆ పిల్లతో.

మనసులోనే అనుకున్నాననుకున్నాను. పైకే అన్నట్టున్నాను. పక్కనున్న ఆవిడ నా మోచెయ్యి తాకి, "ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అని అడిగింది. నోరు మూసుకుని ఉండడం నాకింకా పూర్తిగా రాలేదు, ఆపా.