ఫిట్ అనకుర్రి, అయ్యగారూ

దీపం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క మాట కూడా కల్పన లేదు. దీపమంటే దేవుడి ముందర పెట్టేది కాదు. బాయిలోకి దిగే మనిషి టోపీకి తగిలించుకునే లైటు. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి పైన, దీపాల గదిలో ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం. వాటికి చార్జింగు పెట్టడం, షిఫ్టుకు దిగేవాళ్ల చేతికివ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం. కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లకు నేను చెప్పిన కథలు వేరు. మూడో లెవెల్లో బొగ్గులో మొసలి పన్ను దొరికిందని చెబితే, చూడ్డానికి ఇద్దరు ప్లేడే నాడు, అంటే వారం సెలవు నాడు కూడా వచ్చారు. ఒక దీపం మనిషి లేకుండా తనంతట తానే పైకి నడిచి వచ్చిందని కూడా చెప్పాను. అవి అబద్ధాలు, ఒప్పుకుంటున్నాను. ఇది మా బావ సంగతి. ఇందులో కల్తీ ఉంటే నా చేతిలో ఉన్న దీపం ఉన్నట్టుండి ఆరిపోవాలి.

బావ అంటే మా అక్క మొగుడు. పైకప్పు కూలకుండా బాయిలో కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. ఇరవై ఏడేళ్లు చేశాక దమ్ము పట్టుకుంది. నాలుగు మెట్లెక్కి, ఐదో మెట్టు దగ్గర నిలబడి, కింద ఏదో పడిపోయినట్టు వెతికేవాడు. కంపెనీ మెడికల్ బోర్డు పరీక్ష చేసి అన్‌ఫిట్ అని రాసింది.

అన్‌ఫిట్ అనేది మా బొగ్గు ఊళ్లలో చెడ్డమాట కాదు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అందుకే ఆ కాగితం వచ్చిన రోజు మా అక్క క్వార్టర్ల లైనంతా లడ్డూలు పంచింది. "మా ఆయన అన్‌ఫిట్ అయిండు వదినా, నోరు తీపి చేసుకో" అంటూ ఇల్లిల్లూ తిరిగింది. మా మేనల్లుడు డ్యూటీలో చేరాడు. నా కిటికీ దగ్గరే దీపం తీసుకునేవాడు. కాగితాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి, బీరువాలో పట్టుచీర కింద దాచారు. బావకు నెలనెలా కంపెనీ దవాఖానలో గోలీలు, నోట్లో కొట్టుకునే పంపు ఇచ్చేవారు. పంపు రెండుసార్లు కొట్టుకుంటే కొన్ని గంటలు మామూలు మనిషే. మాతో పత్తాలు ఆడేవాడు. పత్తాల్లో దొంగాట కూడా ఆడేవాడు.

పొద్దున కొడుకు ఫస్ట్ షిఫ్టుకు పోయాక బావ టీవీ ముందు కూర్చునేవాడు. ఒక ఛానల్లో స్వస్థత ప్రార్థనలు చేసే అయ్యగారొకాయన వచ్చేవాడు. కోస్తా మాట, చేతికి బంగారు గడియారం. ఆయన కూర్చున్న సోఫా మా అక్క వాళ్ల ముందు గదిలో పట్టదు. ప్రార్థన చివర "టీవీ మీద చెయ్యి పెట్టండి" అనేవాడు. బావ లేచి పెట్టేవాడు. ఓపెన్‌కాస్టు గని దుమ్ము మా ఇళ్లలో రోజూ పడుతుంది కదా, టీవీ మీది ఆ దుమ్ములో అయ్యగారి పొట్ట దగ్గర ఐదు వేళ్ల అచ్చు పడేది. అక్క గుడ్డ తెచ్చి తుడిచేది. "దేవుడు దిగుతడో లేదో గని, నాకైతే తుడుసుడు పని దిగింది" అనేది.

మా వాళ్లు మల్లన్నకు పట్నాలు వేసే ఇంటివాళ్లు. చర్చికి పోయే మనిషి పక్క క్వార్టరు అవ్వ. ఆ అవ్వకే ఈ అయ్యగారంటే గిట్టేది కాదు. "మా పాస్టరు సైకిల్ మీద వస్తడు బిడ్డా. గోలీలు మింగినంక ప్రార్థన చేద్దాం అంటడు. గీయన గోలీలే బంద్ పెట్టుమంటడు" అంది బావతో.

"సైకిల్ మీద వచ్చెటాయనకు ఏం పవరుంటదవ్వా" అన్నాడు బావ.

అయ్యగారు మా ఊరికే వచ్చాడు. గ్రౌండులో మూడు రోజుల సభలు. రెండో రోజు సాయంత్రం బావ, అక్క, నేను షేర్ ఆటోలో వెళ్లాం. నేను తమాషా చూద్దామని వెళ్లాను. అయ్యగారు పొడుగాటి తెల్ల కారులో స్టేజీ మెట్ల దాకా వచ్చాడు. కారు దగ్గర్నుంచి మెట్ల దాకా ఎర్ర గుడ్డ పరిచారు. బొగ్గు ఊరికి తెల్ల బూట్లతో వచ్చి, తెల్ల బూట్లతోనే తిరిగి వెళ్లిన మనిషిని నేను చూడడం అదే మొదలు.

అబద్ధాలు అల్లేవాణ్ని కాబట్టి నా కళ్లు స్టేజీ మీద కాకుండా స్టేజీ పక్కన తిరిగాయి. బ్యాడ్జీలు పెట్టుకున్న వాలంటీర్లు జబ్బు మనుషులను ముందే రెండు వరుసలు చేశారు. నడిచేవాళ్లు ఇటు, నడవలేనివాళ్లు అటు. అటువైపు వాళ్లకు కుర్చీలు వేశారు, మంచినీళ్లిచ్చారు, స్టేజీ మాత్రం ఎక్కించలేదు. మంచంతో సహా మోసుకొచ్చిన ఒక ఆడమనిషి అటువైపు పడుకొని, సభ అయ్యేదాకా పందిరి లైట్లు చూస్తూ ఉంది. బావ చేత నాలుగడుగులు వేయించి చూసి ఇటు నిలబెట్టారు. ఆ గుంపుకు, ఆ దుమ్ముకు బావకు ఆయాసం వచ్చింది. అక్క కొంగు అడ్డం పెట్టి పంపు రెండుసార్లు కొట్టించింది. పావుగంటకు బావ వంతు వచ్చింది.

"ఏం బాధ, సహోదరా?" అన్నాడు అయ్యగారు.

"దమ్ము, అయ్యగారూ. బాయిల పని చేసిన."

అయ్యగారు బావ ఛాతీ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని, మైకులోకి గట్టిగా ఊదాడు. బావ రెండడుగులు వెనక్కి వేశాడు. పట్టుకోవడానికి వెనక ఇద్దరు ముందే నిలబడి ఉన్నారు.

"ఇప్పుడు పరిగెత్తు" అన్నాడు అయ్యగారు.

బావ లుంగీ ఎగ్గట్టి స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికాడు. పది పన్నెండు అడుగులు ఉంటాయి. నవ్వుకుంటూ ఉరికాడు. బావ ఉరకగా చూసి నాకు ఏళ్లయింది.

"ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్నది."

"దేవుడు నన్ను ఫిట్ చేశాడు, అని గట్టిగా చెప్పు."

ఫిట్ అన్న మాట ఆయన మా ఊళ్లో ఎవరినో అడిగి తెలుసుకొని ఉంటాడు. బావ మొహంలో నవ్వు పోయింది. మైకును చేత్తో పక్కకు నెట్టాడు. అయినా అందరికీ వినపడింది.

"ఫిట్ అనకుర్రి, అయ్యగారూ. నేను అన్‌ఫిట్ మనిషిని. కాయితం ఉన్నది."

"ఆ కాగితం చింపెయ్, సహోదరా."

"చింపితె ఎట్ల? మా పిల్లగాడు డ్యూటీ చేస్తుండు."

గ్రౌండు గ్రౌండంతా నవ్వింది. అక్కడున్నవాళ్లలో చాలామంది బీరువాల్లో అలాంటి కాగితాలే ఉన్నాయి. అయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. ఆ నవ్వు తన మహిమకే అనుకొని రెండు చేతులూ పైకెత్తాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బావ నా మోకాలి మీద తట్టాడు. "బామ్మర్ది, నిజం చెప్పు. ఉరికిన్నా లేదా?"

"ఉరికినవ్ బావ. పంపు కొట్టుకొని ఉరికినవ్."

"పంపు రోజు కొట్టుకుంటనే. రోజు ఉరుకుతన్నా?"

 

రెండు వారాలకు బావ టీవీలో వచ్చాడు. ఉరకడం ఉంది. "మంచిగనే ఉన్నది" అనడం ఉంది. అన్‌ఫిట్, కాగితం, పిల్లగాడు, జనం నవ్వు, అన్నీ కోసేశారు. కింద "ఊపిరితిత్తుల వ్యాధి నుండి సంపూర్ణ విడుదల" అని అక్షరాలు తిరిగాయి. రోజుకు రెండు మూడుసార్లు వేసేవారు. లైనంతా చూసింది. బావ కొత్త చొక్కా తొడుక్కొని టీ హోటల్‌కు వచ్చి కూర్చున్నాడు.

అక్కడున్నవాళ్లలో ఎవరో అన్నారు. "టీవీల గట్ల ఉరికితివి, రేపు కంపెనీ చూస్తే? మందమర్రిల ఒకాయన గిట్లనే అన్‌ఫిట్ అయి, కొడుక్కు నౌకరి పెట్టిచ్చి, మేనకోడలు లగ్గంల డాన్సు చేసిండు. వీడియో బోర్డు దాకా పోయింది. మళ్ల పిలిచిర్రు. చెస్టు చూస్తే సాఫ్ ఉన్నది. ఫిట్ అని రాసి కొడుకును ఇంటికి పంపిర్రు."

అందరూ నవ్వారు. బావ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏ బాయి ఆయన?" అని అడిగాడు. ఏదో బాయి పేరు చెప్పారు. బావ తల ఊపి, టీ సగంలో వదిలేసి ఇంటికి పోయాడు.

ఆ నెల బావ దవాఖానకు పోలేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడే అక్క అడిగింది.

"గోలీలు అయిపోయినయ్. ఎందుకు పోతలేవు?"

"పోతే డాక్టరు చెస్టు చూస్తడు."

"చూస్తే ఏమైతది?"

"సాఫ్ ఉన్నదంటే? పిల్లగాని నౌకరి ఏంగావాలె?"

"సాఫ్ ఉంటే గురగుర ఎందుకంటున్నది?"

"అది పాత సప్పుడు. పోతది."

రోగం తగ్గిందని నమ్మి మందులు మానేసినవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. తగ్గిన సంగతి డాక్టరుకు తెలిసిపోతుందని మానేసిన మనిషి మా బొగ్గుబాయిల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండడు. మేనల్లుడు బయట మెడికల్ షాపులో పంపు కొనుక్కొచ్చాడు. "నౌకరి పోతే పోనియ్ నాయినా, నువ్వు పంపు కొట్టుకో" అన్నాడు. "నువ్వు డ్యూటీకి పో" అన్నాడు బావ. పంపును టీవీ పక్కన పెట్టాడు. మందు ముట్టుకుంటే దేవుణ్ని నమ్మనట్టే అని పొద్దున్నే అయ్యగారు ఆ టీవీలోనే చెప్పేవాడు. దుమ్ములో చేతి అచ్చు మాత్రం రోజూ పడుతూ ఉంది.

బజారులో బావ నడుస్తూ నడుస్తూ గోడల దగ్గర ఆగి పోస్టర్లు చదివేవాడు. చదవడం పెద్దగా రాదు. నేను ఒకరోజు పక్కన నిలబడి అన్నాను. "బావ, ఒకసారి అన్‌ఫిట్ అంటే అన్‌ఫిటే. మళ్ల పిలువరు. నడువు దవాఖానకు పోదాం."

"నీకెట్ల ఎరుక?"

"ఎరుకనే."

"మందమర్రి ఆయనను పిలువలేదా మరి?"

నేను కూడా పోస్టరు చదివాను. ఏదో చీరల దుకాణానిది.

అక్క టీవీలో కనపడే నంబరుకు ఫోన్ చేసింది. ఒక అమ్మాయి విన్నపం రాసుకుంది. కానుక ఎలా పంపాలో చెప్పింది. అయ్యగారు విదేశాల్లో ఉన్నారంది. "ఎప్పుడొస్తరమ్మా?" అని అక్క అడిగేసరికి అవతల పాట మొదలైంది. అక్క ఆ పాట అయ్యేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుంది.

ఒక పొద్దున నేను ఫస్ట్ షిఫ్టు దీపాలు ఇస్తుండగా కబురొచ్చింది. వరుసలో మిగిలిన వాళ్లకు కూడా దీపాలిచ్చి, పని ఇంకొకరికి అప్పజెప్పి పోయాను. బావ కంపెనీ దవాఖానలో మంచం మీద ఉన్నాడు, ముక్కుకు, నోటికి మాస్కు. మందు ఆపి ఎన్నాళ్లయిందని డాక్టరు అడిగాడు. అక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. డాక్టరు వెళ్లాక బావ వేలితో నన్ను దగ్గరికి పిలిచి, మాస్కు కొంచెం పైకెత్తాడు.

"డాక్టరు చెస్టు చూసిండా?"

"చూసిండు బావ."

"ఏమన్నడు?"

"అన్‌ఫిట్ అన్నడు."

"పక్కానా?"

"పక్కా."

బావ తల ఊపి మాస్కు తనే సర్దుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం పోయాడు. నాకు ఏడుపు రాలేదు. పదకొండు రోజుల తర్వాత డ్యూటీలో చేరి, దీపాలు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

ఛానల్లో బావ ఇప్పటికీ ఉరుకుతాడు. తీసేయమని చెబుదామని మేనల్లుడు ఫోన్ తీస్తే అక్క వద్దంది. ఆ టైముకు టీవీ పెట్టి, దుమ్ము తుడిచి, కూర్చుంటుంది. అయ్యగారు మాట్లాడుతున్నంతసేపు వాల్యూమ్ తీసేస్తుంది. "చూడు తమ్మీ, ఎట్ల ఉరుకుతుండో" అంటుంది. బావ ఆ కొస చేరగానే టీవీ బంద్ చేస్తుంది. నేను చూస్తాను. ఏమీ అనిపించదు. రోజూ చూసినా ఏమీ అనిపించదు.

దీపం మీద ఒట్టేశాను కాబట్టి ఇక ఒకటి చెప్పాలి. టీ హోటల్లో ఎవరో అన్నారని రాశాను. ఎవరో కాదు, నేనే. మందమర్రిలో అలాంటి మనిషి లేడు. లగ్గం లేదు, డాన్సు లేదు, వీడియో లేదు, అలా ఎవరి కొడుకునూ ఎవరూ ఇంటికి పంపలేదు. బావ కొత్త చొక్కా చూసి, నలుగురినీ నవ్విద్దామని అప్పటికప్పుడు అల్లాను. ఏ బాయి అని అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పాను. నీకెట్ల ఎరుక అని బావ అడిగినప్పుడు చెప్పాల్సింది ఇదే. అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.

మొన్న కిటికీ దగ్గర మేనల్లుడు దీపం కోసం చెయ్యి చాపి, "మామా, ఆ మందమర్రి ఆయన కొడుకు ఇప్పుడేం చేస్తుండు?" అని అడిగాడు.

"బెల్లంపల్లిల కిరాణం పెట్టుకున్నడట" అన్నాను.

దీపం వాడి చేతికిచ్చాను. అది ఆరిపోలేదు.